పళ్ళ వెనక తీగ ఊడినా నొప్పి రాదు, అసలు ఇబ్బంది అదే

క్లిప్పులు తీసేసిన రోజు అందరూ అద్దంలో పళ్ళని ముందు వైపు నుంచే చూసుకుంటారు, వెనక వైపు ఎవరూ చూడరు. కానీ అదే రోజు, లేకపోతే ఒకట్రెండు వారాల్లో, కింది ముందు పళ్ళ వెనక సన్నటి తీగ ఒకటి (పళ్ళు జరక్కుండా పట్టుకునే ఇలాంటివాటినే రిటైనర్ అంటారు) అంటించి "ఇది ఇక ఉంటుంది, శుభ్రంగా ఉంచుకోండి" అని ఒక్క మాట చెప్పి పంపిస్తారు. రెండేళ్ళ పాటు నెలనెలా పిలిచి చూసిన ట్రీట్‌మెంట్ అక్కడితో ఐపోతుంది, ఆ తర్వాత పదేళ్ళో ఇరవయ్యేళ్ళో ఆ తీగతో బతికేది మనం. అందుకే ఆ ఒక్క మాట చాలదు అని నా గట్టి అభిప్రాయం. ఎన్నాళ్ళుంచాలి, క్లీనింగ్ చేయించుకోవచ్చా, ఒక్క పన్ను దగ్గర ఊడితే పర్లేదా, తీగ బానే ఉన్నా పన్ను ఎందుకు పక్కకి వెళ్తోంది, ఎవర్నడిగినా తలో మాట చెప్తారు. అవన్నీ ఒక్కోటి విడదీసి చూద్దాం.

ముందుగా, సరిచేసిన పళ్ళు అసలు మళ్ళీ పాత చోటికి ఎందుకెళ్తాయో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుద్ది. పన్ను నేరుగా ఎముకకి అతుక్కుని ఉండదు, మధ్యలో సన్నటి నారపోగుల పొర ఒకటి ఉంటది, చిగురు లోపల కూడా పంటి మెడ చుట్టూ అలాంటి పోగులే ఉంటాయి. పన్నుని జరిపినప్పుడు, ముఖ్యంగా తిరిగిపోయిన పన్నుని సరిగ్గా తిప్పినప్పుడు, ఈ పోగులు సాగదీసి పట్టుకున్న రబ్బరు బ్యాండులాగా లాగుతూనే ఉంటాయి. వేరు చుట్టూ ఉన్నవి 3-4 నెలల్లో కొత్త చోటికి సర్దుకుంటాయి, చిగురులో ఉన్న మామూలు పోగులకి 4-6 నెలలు పడుద్ది, ఎముక పైన పంటి మెడ దగ్గరుండే సాగే పోగులకైతే ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుద్ది. అంటే క్లిప్పులు తీసిన రోజుకి పళ్ళు చూడ్డానికి మాత్రమే వరసలో ఉన్నాయి, లోపల పని ఇంకా సగంలోనే ఉంది.

సరే, ఏడాది ఆగి తీసేస్తే సరిపోద్దిగా అంటారు చాలామంది. సరిపోదు, ఎందుకంటే రెండో కారణం ఇంకోటుంది, అది క్లిప్పులకి సంబంధించింది కాదు, వయసుకి సంబంధించింది. కింది దవడలో రెండు కోరపళ్ళ మధ్య వెడల్పు వయసుతో పాటు కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది, ఉన్న చోటు తగ్గేకొద్దీ మధ్యలో నాలుగు పళ్ళు ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి. జీవితంలో ఎప్పుడూ క్లిప్పులు పెట్టించుకోని వాళ్ళకీ ఇదే జరుగుద్ది, మీ ఇంట్లో యాభై దాటిన వాళ్ళ కింది పళ్ళు ఓసారి గమనించండి, కుర్రతనంలో వరసగా ఉన్నవే ఇప్పుడు గుంపుగా కనిపిస్తాయి.

దీని మీద బాగా పేరున్న పని అమెరికాలో సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రాబర్ట్ లిటిల్ అనే ఆర్థోడాంటిస్టు (పళ్ళ వరస సరిచేసే డాక్టర్), ఆయనతో పాటు పనిచేసినవాళ్ళు చేశారు. ట్రీట్‌మెంట్ ఐపోయి, రిటైనర్ కూడా తీసేసిన వాళ్ళని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పిలిచి కింది పళ్ళ అచ్చులు తీసి కొలిచారు. 1981లో వచ్చిన ఫలితాల ప్రకారం రిటైనర్ ఆపేసిన పదేళ్ళకి కింది ముందు పళ్ళు ఫర్వాలేదనిపించేలా ఉన్నవాళ్ళు 30 శాతం కన్నా తక్కువ, 1988లో ఇరవయ్యేళ్ళ లెక్క చూస్తే 10 శాతం దగ్గరికి పడిపోయింది. ఇంకా ముఖ్యమైన సంగతేంటంటే ఎవరికి పళ్ళు వెనక్కెళ్తాయి ఎవరికి వెళ్ళవు అని ముందే చెప్పగలిగే గుర్తేదీ వాళ్ళకి దొరకలేదు, వయసు, మొదట్లో ఎంత వంకరగా ఉన్నాయి, పళ్ళు పీకి చేశారా పీక్కుండా చేశారా, ఏదీ నమ్మకంగా పనికి రాలేదు. మీ డాక్టర్ "ఎన్నాళ్ళు" అన్న ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పకపోతే అది దాటవేత కాదు, పళ్ళు వరసగా ఉండాలనుకున్నన్నాళ్ళూ ఏదో ఒక రిటైనర్ ఉండాల్సిందే అనేదే ఇప్పుడున్న నిజాయితీ గల జవాబు.

ఇక్కడే జ్ఞానదంతాల మాట కూడా వస్తుంది. వెనక నుంచి జ్ఞానదంతం తోసుకొస్తోంది కాబట్టే ముందు పళ్ళు వంకరవుతున్నాయి, పీకించేస్తే ఆగిపోద్ది అని మన దగ్గర ఇంటింటా నమ్ముతారు. బ్రిటన్‌లో దీన్నే పరీక్షించడానికి కొంతమందికి పీకి, కొంతమందికి ఉంచి ఏళ్ళ తర్వాత కొలిచిన స్టడీ ఒకటి 1998లో వచ్చింది, ముందు పళ్ళు గుంపవ్వడం ఆపడానికని జ్ఞానదంతాలు పీకడం సమర్థించలేం అనే తేల్చింది. నొప్పి, చీము, పక్క పన్ను పుచ్చడం లాంటివుంటే పీకించాలి, అది వేరే విషయం, వరస కోసం మాత్రం కాదు.

ఇప్పుడు తీగ సంగతికొద్దాం. పంటి మీద ఏదైనా నేరుగా అంటించడం అనేదే 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) మీద ఆసిడ్ పూసి గరుకు చేస్తే రెసిన్ అనే జిగురు గట్టిగా పట్టుకుంటుందని చూపించాకే మొదలైంది, అంతకు ముందు పళ్ళకి రింగులు తొడిగి వాటికి తీగ అతికించేవాళ్ళు. 1970ల్లో ఈ అంటించే రిటైనర్లు వచ్చాయి, నార్వేకి చెందిన బ్యోర్న్ జాక్రిసన్ 1977 నుంచి రాసిన వాటితో బాగా వ్యాపించాయి. ఇవాళ మన ఊళ్ళో క్లినిక్‌లో చేసేది కూడా దాదాపు అదే పని: పళ్ళ వెనక శుభ్రం చేస్తారు, ఫాస్ఫారిక్ ఆసిడ్ జెల్ పూసి కడుగుతారు, పూర్తిగా ఆరబెట్టి, తీగని పళ్ళ ఒంపుకి తగ్గట్టు వంచి, ఒక్కో పంటి మీద కాంపోజిట్ అనే జిగురు చిన్న చుక్క వేసి నీలం లైటుతో గట్టిపరుస్తారు. ఇందులో అన్నిటికన్నా కష్టం ఆరబెట్టడమే, ఎందుకంటే కింది ముందు పళ్ళ వెనకే, నాలుక కిందే లాలాజలం గొట్టాలు తెరుచుకుంటాయి, ఆ కాసేపట్లో ఒక్క చుక్క తడి తగిలినా ఆ పంటి దగ్గర పట్టు బలహీనపడుద్ది. తీగ ఊడిన వాళ్ళలో చాలామందికి మొదటి ఆరు నెలల్లోనే ఊడుద్ది, దానికి ఇదొక పెద్ద కారణం. అంటే మొదట్లోనే ఊడితే "నువ్వేం కొరికావ్" అని పిల్లల మీద పడక్కర్లేదు, తిండి వల్ల కాకపోవచ్చు.

తీగల్లో రెండు రకాలు ముఖ్యంగా తెలియాలి. ఒకటి లావుపాటి తీగ, ముప్పావు మిల్లీమీటరు దాకా ఉంటది, రెండు చివరలా కోరపళ్ళకి మాత్రమే అంటిస్తారు, మధ్యలో నాలుగు పళ్ళకి ఊరికే ఆనుకుని ఉంటది. రెండోది చాలా సన్నటి పోగులు కలిపి పేనిన తీగ, అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటది, ఆరు పళ్ళకీ విడివిడిగా అంటిస్తారు. పేనిన తీగ పళ్ళని బాగా పట్టుకుంటుంది, కొంచెం వంగుద్ది కాబట్టి నమిలేటప్పుడు ఒక్కో పన్ను సహజంగా కదిలే ఆ కొంచెం కదలికకి కూడా చోటిస్తుంది, అందుకే ఎక్కువమంది ఇదే వాడతారు. లావు తీగలో మధ్య పళ్ళు కొద్దిగా తిరిగే అవకాశం ఉంది. కానీ ఒక్క విషయంలో లావు తీగే మేలు: ఒక చివర ఊడిందంటే తీగ మొత్తం లేచి నాలుకకి గుచ్చుకుంటుంది, ఆ రోజే తెలిసిపోద్ది.

పేనిన తీగతో అలా కాదు, నేను ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. ఆరింట్లో ఒక్క పంటి దగ్గర జిగురు వదిలితే మిగతా ఐదూ తీగని కదలకుండా పట్టుకునే ఉంటాయి, నొప్పి ఉండదు, గుచ్చుకోదు, అద్దంలో చూస్తే తీగ తీగలాగే కనిపిస్తుంది. మనం "తీగ ఉందిగా" అని నిశ్చింతగా ఉంటాం, ఆ ఒక్క పన్ను మాత్రం రోజూ కొంచెం కొంచెంగా ముందుకో పక్కకో జరుగుతూ ఉంటది. కొన్ని నెలలకి ఫొటోలో ఎవరో చూసి చెప్తారు, అప్పటికి తీగ మళ్ళీ అంటించినా పన్ను జరిగిన చోటే అతుక్కుంటుంది తప్ప పాత చోటికి రాదు, మళ్ళీ కొన్నాళ్ళు క్లిప్పులో, అలైనర్లో (పళ్ళని జరిపే ప్లాస్టిక్ తొడుగులు) పెట్టాల్సిందే. తీగ బదులు రాత్రిపూట ప్లాస్టిక్ ట్రే (పళ్ళ మీద తొడుక్కుని తీసేసే రిటైనర్) పెట్టుకునేవాళ్ళకి ఈ బాధ తక్కువ, ఎందుకంటే పన్ను జరిగితే ట్రే బిగుసుగా అనిపిస్తుంది, అదే హెచ్చరిక. తీగకి అలాంటి హెచ్చరిక లేదు కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి.

చెయ్యడం కష్టమేం కాదు. వారానికోసారి, బ్రష్ చేశాక, మంచి వెలుతురులో, శుభ్రమైన వేలి గోరుతో ఒక్కో పంటి దగ్గర తీగని మెల్లగా పైకీ కిందకీ నెట్టి చూడండి, ఎక్కడైనా సన్నగా కదిలినా, టిక్కుమని చిన్న శబ్దం వచ్చినా, నొక్కినప్పుడు ఆ కాంపోజిట్ చుక్క కింద నుంచి ఉమ్మి బుడగ కనిపించినా అక్కడ వదిలేసినట్టే. ఇదివరకు ఇరుక్కోని చోట కొత్తగా తిండి ఇరుక్కుంటున్నా అనుమానించాలి. క్లినిక్ వాడే చిన్న గుండ్రటి అద్దం లాంటిది మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ తక్కువకే దొరుకుద్ది, లేకపోతే ఫోన్ కెమెరా చాలు. క్లిప్పులు తీసిన వారంలోనే నోరు తెరిచి కింది పళ్ళని పై నుంచి ఒక ఫొటో, ముందు నుంచి ఒక ఫొటో తీసి పెట్టుకుని, ప్రతి పుట్టినరోజుకి అదే కోణంలో మళ్ళీ తీస్తే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, కంటికి ఆనని మార్పు కూడా అప్పుడు పట్టుబడుద్ది.

ఊడిందని తెలిస్తే వచ్చే సెలవుల దాకా ఆగొద్దు, ఆ వారంలోనే చూపించుకోండి. ఈలోపు ట్రే ఉంటే, అది ఇంకా పడుతుంటే, తినేటప్పుడు తప్ప రోజంతా పెట్టుకోవాలి. తీగ చివర లేచి గుచ్చుకుంటుంటే ఆర్థోడాంటిక్ మైనం చిన్న ఉండ చేసి అంటించుకోవచ్చు. గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో కత్తిరించుకోవడం, పట్టి లాగెయ్యడం మాత్రం వద్దు, తెగిన ముక్క గొంతులోకి పోతే అదింకో ప్రమాదం.

ఇంకోటి ఉంది, ఇది తక్కువమందికే వస్తుంది గానీ డాక్టర్లు కూడా కొందరు ముందే చెప్పరు. తీగ ఎక్కడా ఊడలేదు, తెగలేదు, అయినా పళ్ళు కదులుతాయి. పేనిన తీగని అంటించేటప్పుడు ఎక్కడైనా బిగువుగా వంగి ఉండిపోయినా, తర్వాత గట్టిదేదో కొరికినప్పుడు వంగినా, ఆ పోగుల మెలి మెల్లగా విడుతూ వచ్చినా, తీగే పళ్ళని తోయడం మొదలుపెడుతుంది. పక్కపక్కనున్న రెండు ముందు పళ్ళలో ఒకటి లోపలికి, ఒకటి బయటికి వాలుతుంది, లేకపోతే ఒక వైపు కోరపన్ను బయటికి వాలి రెండో వైపుది లోపలికి వెళ్తుంది. 2007లో కట్సారోస్, ఆయన తోటివాళ్ళు ఇలాంటి కేసుల్ని వివరంగా రాశారు, తర్వాత వచ్చిన స్టడీల్లో ఇది 1 నుంచి 5 శాతం మందిలో కనిపించింది. శాతం చిన్నదే, కానీ పన్ను వేరు ఎముక దాటి బయటికి వచ్చి చిగురు జారిపోయే దాకా వెళ్ళిన కేసులు ఉన్నాయి కాబట్టి తేలిగ్గా తీసుకోలేం. ఒక్క పన్ను పక్క వాటికన్నా పొడవుగా కనిపిస్తున్నా, దాని చిగురు కిందకి దిగినట్టున్నా, వేలితో తడిమితే వేరు ఉబ్బుగా తగులుతున్నా, "తీగ బానే ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఇలాంటప్పుడు మొదట చేసేది ఆ తీగ తీసెయ్యడమే, అందుకే దీన్ని మామూలు డెంటిస్టు కాకుండా ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేసిన వాళ్ళకి చూపించాలి.

ఇక గార. కింది ముందు పళ్ళ వెనక లాలాజలం గొట్టాలున్నాయని చెప్పాను కదా, అందులోని కాల్షియం వల్ల తీగ లేనివాళ్ళకి కూడా గార ముందు అక్కడే పడుద్ది, తీగ ఉంటే అది పట్టుకోవడానికి ఇంకా చోటు దొరికినట్టే. ఏళ్ళ తరబడి తీగ ఉంచుకుని చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, అంటే తీగ దానంతట అది చిగుళ్ళని పాడుచెయ్యదు, గార పేరుకోనివ్వడమే పాడుచేస్తుంది. మన దగ్గర దీనికి పెద్ద అడ్డు ఒక నమ్మకం: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి, సందులొస్తాయి. ఆ సందులు క్లీనింగ్ వల్ల వచ్చినవి కావు, గార లోపల ఎముకని తినేసి ఆ ఖాళీని తనే నింపి కూర్చుంది, తీసేసరికి ఉన్నది బయటపడింది. తీగ ఉన్నవాళ్ళు ఆరు నెలలకోసారి, గార తొందరగా పట్టేవాళ్ళైతే ఇంకా ముందే క్లీనింగ్ చేయించుకోవాలి. వెళ్ళగానే "కింద తీగ ఉంది, చూసి చెయ్యండి, ఐపోయాక ఒక్కో పంటి దగ్గర పట్టు ఉందో లేదో చూడండి" అని మనమే చెప్పాలి, గార తీసే స్కేలింగ్ మెషీన్ మొన నేరుగా జిగురు మీద పెడితే అది వదిలే అవకాశం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్ళు మామూలుగానే వాచి రక్తం కారతాయి, గార ఉంటే అది రెట్టింపవుద్ది, పిల్లల్ని కనాలనుకుంటున్నవాళ్ళు ముందే ఓసారి శుభ్రం చేయించుకుంటే చాలా మంచిది.

ఇంట్లో ఏం చెయ్యాలంటే, బ్రష్‌ని అడ్డంగా కాకుండా నిలువుగా పట్టుకుని ముందు భాగంతో పళ్ళ వెనక చిగురు దగ్గర్నుంచి పైకి తోమాలి. పళ్ళ సందుల్లో లాగే మామూలు ఫ్లాస్ దారం, తీగ అడ్డం ఉండడం వల్ల, పై నుంచి దిగదు, చివర గట్టిగా ఉండే సూపర్ ఫ్లాస్ తీసుకుని తీగ కింద నుంచి దూర్చి సందు సందుకీ లాగాలి, మొదటి వారం చిరాకొస్తుంది, తర్వాత చెయ్యి అలవాటైపోద్ది. అది రోజూ కుదరదు అనుకుంటే పళ్ళ సందుల్లో పెట్టే చిన్న బ్రష్‌లు వాడండి, నీళ్ళు చిమ్మే మెషీన్ కూడా తిండి ముక్కలకి బాగా పనిచేస్తుంది గానీ పాచి పొరని రాపిడి లేకుండా పూర్తిగా తీసెయ్యలేదు. తోటకూర, ములక్కాడ పీచు, మటన్ నార, ఇవన్నీ తీగ కింద ఇరుక్కునేవే, తిన్నాక గట్టిగా పుక్కిలిస్తే సగం పోతాయి.

తిండి విషయంలో భయపడాల్సింది చాలా తక్కువ. కొరకడమే సమస్య, నమలడం కాదు. చెరుకు గడ పంటితో చీల్చడం, జామకాయ గట్టిది నేరుగా కొరకడం, మొక్కజొన్న పొత్తు, బొమికల మీద మాంసం ముందు పళ్ళతో పీకడం, పల్లీ పట్టీ, గట్టి జంతికలు ముందు పళ్ళతో విరవడం, వీటిని ముక్కలు చేసుకుని దవడ పళ్ళతో నమిలితే చాలు. పై పళ్ళకి తీగ ఉన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి, కింది పళ్ళు మూసినప్పుడల్లా ఆ తీగకి తగిలే వాళ్ళకి అది మాటిమాటికీ ఊడుతుంది, అలాంటి వాళ్ళకి పైన తీగ బదులు రాత్రి ట్రేనే మేలు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగిన వాళ్ళ ఎనామిల్ వేరుగా ఉంటది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువవడం వల్ల వచ్చే జబ్బు) మొట్టమొదట వైద్య పత్రికల్లో రాసింది కూడా 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. ఫ్లోరోసిస్ ఎక్కువగా ఉన్న పంటి పై పొర ఆసిడ్‌కి తొందరగా లొంగదు, లోపలి పొర గుల్లగా ఉంటది, దాంతో జిగురు పట్టు తగ్గుద్ది. ఆసిడ్ ఎక్కువసేపు ఉంచడమో, పై పొరని సన్నగా గరుకు చెయ్యడమో చేస్తారు. కాబట్టి చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఏ నీళ్ళు తాగారో డాక్టర్ అడక్కపోయినా చెప్పండి, క్లిప్పులు ఉన్నప్పుడు బ్రాకెట్లు మాటిమాటికీ ఊడిన వాళ్ళైతే తీగ దగ్గర ఇంకా ఎక్కువ గమనించుకోవాలి.

తల, మెడ ఎం.ఆర్.ఐ. తీసేటప్పుడు స్టీల్ తీగ ఉంటే మనిషికి ప్రమాదమేం రాదు, అది గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు. కాకపోతే నోటి చుట్టుపక్కల బొమ్మ చెదిరిపోవచ్చు. అందుకే స్కానింగ్ వాళ్ళకి ముందే చెప్పాలి, చూడాల్సిన భాగం నోటికి దగ్గరైతే తీగ తీయించి రమ్మంటారు, మోకాలికో నడుముకో అయితే పట్టించుకోరు.

తీగ ఉంది కాబట్టి ట్రే అక్కర్లేదు అని కూడా అనుకోవద్దు. తీగ ఆరు పళ్ళనే పట్టుకుంటుంది. వెడల్పు చేసిన దవడని, పళ్ళు పీకి మూసిన సందుల్ని, వెనక పళ్ళని అది పట్టుకోలేదు. అందుకే చాలామంది తీగతో పాటు రాత్రి ట్రే కూడా ఇస్తారు, రెండూ ఉంటే ఒకటి వదిలినా రెండోది కాపాడుద్ది. ముందు పళ్ళ మధ్య పెద్ద సందు మూయించుకున్నవాళ్ళు, బాగా తిరిగిపోయిన పన్ను తిప్పించుకున్నవాళ్ళు, చిగుళ్ళ జబ్బుతో ఎముక తగ్గిన పెద్దవాళ్ళు తీగ తీసేసే ఆలోచన చెయ్యకపోవడమే మంచిది. దానికి ఎదురుగా, ఎంత చెప్పినా అక్కడ తోమనివాళ్ళు, పుచ్చులు తొందరగా వచ్చేవాళ్ళు ఉంటే తీగ తీయించి ట్రేకి మారడమే నయం, వరస కోసం చిగుళ్ళు పోగొట్టుకోవడం తప్పు బేరం. తీయడం పెద్ద పనేం కాదు, జిగురుని చిన్న డ్రిల్‌తో అరగదీసి పాలిష్ చేస్తారు, మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. తీసే రోజుకే ట్రే చేతిలో ఉండాలి, వారం తర్వాత ఇస్తామంటే ఆ వారం ఆగి తీయించుకోండి.

చివరిగా ఊళ్ళు మారేవాళ్ళ సంగతి. ఇంటర్‌లోనో ఇంజనీరింగ్‌లోనో క్లిప్పులు తీయించుకుని బెంగళూరుకో అమెరికాకో జర్మనీకో వెళ్ళిపోయే పిల్లలు మన దగ్గర ఎంతమందో, తీగ అంటించిన డాక్టర్ ఇక్కడ, అది ఊడేది అక్కడ. అక్కడి డెంటిస్టు "నేను పెట్టింది కాదు" అని వెనకాడొచ్చు, ఇన్సూరెన్స్‌లో దీనికి డబ్బు రాకపోవచ్చు. వెళ్ళేముందు మీ డాక్టర్ని మూడు అడగండి: చివరి రోజు తీసిన పళ్ళ అచ్చు గానీ స్కాన్ ఫైల్ గానీ, ఏ తీగ ఏ పళ్ళకి అంటించారో ఒక కాగితం మీద, కొత్త ట్రే ఇంకో జత. స్కాన్ ఫైల్ ఉంటే ఏ దేశంలోనైనా ట్రే మళ్ళీ చేయించుకోవచ్చు. ఇక్కడే ఉండి ఖర్చు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటికన్నా తక్కువకే చేస్తారు, పి.జి. స్టూడెంట్లు టైమ్ తీసుకుని శ్రద్ధగా చేస్తారు. అక్కడికెళ్ళినా ఊడిన పంటి ఒక్కదానికే జిగురు వేసి పంపకుండా, మిగతా ఐదు పళ్ళ దగ్గర కూడా తీగ పట్టుందో లేదో చూడమని అడగండి.